వాక్సిను అను మాట పుట్టుక

బిడ్డ పుట్టినది మొదలు ఏ నెలలో ఏ వాక్సిను వేయింపవలెనో మనము లెక్కించుకొనుచునే యుందుము. ఆ మాటకు మూలార్థము "ఆవునకు సంబంధించినది" యని చెప్పినచో సోదరీమణులు కొందఱు నమ్మకపోవచ్చును. లాటిను భాషలో ఆవును "వక్క" యందురు. ఇది మన తాంబూలములోని వక్క కాదు సుఁడీ!

ఆవునకును మందునకును సంబంధ మెట్లు కలిగెను? ఇంగ్లండు పల్లెలలో పాలు పిదుకు స్త్రీలకు ఆవుల పొదుగులనుండి చేతులపై పొక్కులు లేచుచుండెను. అట్టివారికి మశూచికము సోకదని పల్లెవారి నమ్మకము. బర్క్‌లీ గ్రామ వైద్యుఁడగు ఎడ్వర్డు జెన్నరు ఆ నమ్మకమును తేలికగా త్రోసివేయలేదు. 1796 మే 14వ తేదీని సారా నెల్మ్స్ అను పాలపడుచు చేతి పొక్కులోని రసిని తీసి, జేమ్సు ఫిప్సు అను ఎనిమిదేండ్ల బాలునికి ఎక్కించెను. జూలైలో మశూచికపు రసినే ఎక్కించి చూచినను ఆ బాలునికి వ్యాధి రాలేదు.

1798లో ప్రకటించిన గ్రంథమున జెన్నరు ఈ ఆవు మశూచికమునకు "వేరియోలే వాక్సినే" యని లాటిను పేరు పెట్టెను. వాక్సిను, వాక్సినేషను అను మాటల కదియే మూలము. 1881లో లూయీ పాస్టరు, జెన్నరునందలి గౌరవముచే, ఇతర వ్యాధులను వారించు మందులకును ఆ పేరే యుండవలెనని లండను వైద్యమహాసభలో కోరెను. మనము వాడు "టీకా" హిందీనుండి వచ్చినది. ఆ భాషలో నుదుటి బొట్టునకును అదియే పేరు.

ఆ దినములలో వెఱపులకు కొదువ లేదు. టీకా వేయించుకొన్నవారి దేహములనుండి ఆవులు మొలచుచున్నట్లు 1802లో లండనులో పరిహాసచిత్రము వెలువడెను. ఆ సంవత్సరముననే బొంబాయిలో మూఁడేండ్ల బాలిక యొకతె భారతదేశమున మొదటి టీకా పొందెను. మా పెద్దలలో కొందఱి ముఖములపై మశూచికపు మచ్చలను మేము చూచితిమి. మా బిడ్డలు చూడలేదు. 1980లో ఆ వ్యాధి లోకమునుండియే తొలఁగినదని ప్రపంచారోగ్యసంస్థ ప్రకటించెను.

పేరు ఆవునకు దక్కెను, కీర్తి జెన్నరునకు దక్కెను. మొదటి యెఱుక మాత్రము పాలు పిదుకు స్త్రీల చేతులలోనిది. నేఁటికిని తట్టు మొదలగు వ్యాధులు పసివారి ప్రాణములు తీయుచునే యున్నవి. కావున ఎవరో చెప్పిన వదంతి విని టీకా దినమును దాఁటవేయక, సందేహ మున్నచో వైద్యుని అడిగి తీర్చుకొనుఁడని సోదరీమణులను కోరుచున్నాము.