స్టాప్‌వాచ్ మీ చేతికొస్తే..

సాఫ్ట్‌వేర్ కాల్ లెటర్ కోసం ఎదురుచూస్తూ వేరే దారులూ వెతుకుతున్నారా? అయితే గార్మెంట్ పరిశ్రమనీ ఓసారి చూడండి. మెకానికల్, ప్రొడక్షన్ చదివినవాళ్లకి ఇండస్ట్రియల్ ఇంజినీర్, ఎంబీఏ వాళ్లకి హెచ్‌ఆర్, డిగ్రీ వాళ్లకి క్వాలిటీ కొలువులుంటాయి. రెడీమేడ్ బట్టలు కొనాలంటే మనకి బెజవాడ వన్‌టౌన్ చాలు. వేలమంది ఒకేచోట కుట్టడం చూడాలంటే మాత్రం రైలెక్కి అనకాపల్లిలో దిగి, అచ్యుతాపురంలోని బ్రాండిక్స్ అపెరల్ సిటీకి వెళ్లాలి. అక్కడ పనిచేసేవాళ్లలో అత్యధికులు మహిళలే.

ఉద్యోగమొస్తే మీరు మిషన్ మీద కూర్చోరు. కూర్చున్న అక్క గంటకి ఎన్ని పీసులు కుట్టాలో తేల్చేది మీరే. అందుకే ఆమె హక్కులు ఆమెకంటే ముందు మీకు తెలియాలి.

టార్గెట్ వెనక లెక్క

ప్రతి పనికీ ఇంత సమయమని ముందే కొలుస్తారు. దీన్నే ‘శామ్’ అంటారు. ఒక కుట్టుకి అర నిమిషం అనుకుందాం. గంటకి 120 పీసులు. లైన్ 75 శాతం సామర్థ్యంతో నడిస్తే 90. మంచినీళ్లకి, బాత్రూమ్‌కి, అలసటకి పట్టే సమయాన్ని కలిపాకే ఆ అర నిమిషం వస్తుంది. కాబట్టి ‘ఐదు నిమిషాల్లో వచ్చేస్తా సార్’ అన్న మనిషి లెక్క ప్రకారం తనకి రావాల్సిందే అడుగుతోంది. ఆమెని కసిరితే తప్పు మీ లెక్కదే. కొత్త మోడల్ మొదలైన రోజు, కట్ చేసిన ముక్కలు ఆలస్యమైన రోజు టార్గెట్ తగ్గించాల్సిందీ మీరే.

లైన్ ఆపడమూ ఉద్యోగమే

2022 జూన్ 3న, మళ్లీ ఆగస్టు 2న అచ్యుతాపురం సెజ్‌లోని సీడ్స్ కంపెనీలో విషవాయువు పీల్చి వందలమంది మహిళలు ఆసుపత్రుల పాలయ్యారు. బంగ్లాదేశ్‌లో అయితే రాణా ప్లాజా గోడలు బీటలు వారాయని ముందురోజే తెలిసినా, కార్మికుల్ని లోపలికి పంపారు. 2013 ఏప్రిల్ 24న ఆ భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ‘ఏదో ఘాటు వాసనొస్తోంది’ అని ఒక్కరు చెప్పినా లైన్ ఆపించగలగాలి. షిప్‌మెంట్ రేపైనా వెళ్తుంది.

ఇవి గుర్తుంచుకోండి

* వారానికి 48 గంటలు దాటి పనిచేయిస్తే ఓవర్‌టైమ్‌కి రెట్టింపు రేటు ఇవ్వాలి.
* నెల జీతం రూ.21,000 లోపైతే ఈఎస్‌ఐ వర్తిస్తుంది. ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం.
* మొదటి రెండు కాన్పులకి 26 వారాల వేతన సెలవు. 50 మంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసేచోట పిల్లల సంరక్షణ కేంద్రం తప్పనిసరి.
* పదిమంది ఉన్న ప్రతిచోటా లైంగిక వేధింపులపై అంతర్గత కమిటీ ఉండాలి. ఫిర్యాదుకి గడువు మూడు నెలలు. ‘షీ-బాక్స్’ పోర్టల్‌లోనూ చేయొచ్చు.
* పీఎఫ్ జమవుతోందో లేదో ఉమంగ్ యాప్‌లో చూడొచ్చు. పీఎఫ్ విత్‌డ్రా నిబంధనలు మార్చినందుకు 2016 ఏప్రిల్‌లో బెంగళూరు గార్మెంట్ మహిళలు రోడ్డెక్కితే కేంద్రం వెనక్కి తగ్గింది. ఆ డబ్బు వాళ్లకి అంత ముఖ్యం.

ఇంటర్వ్యూ చివర ‘ఏమైనా అడుగుతారా?’ అంటే ఊరుకోకండి. అంతర్గత కమిటీలో ఎవరున్నారు, ఫైర్ డ్రిల్ ఎప్పుడు జరిగింది, ఓవర్‌టైమ్ పే స్లిప్‌లో చూపిస్తారా? ఈ మూడూ అడగండి. జవాబులు తడబడుతుంటే, ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందు ఇంకోసారి ఆలోచించండి.