కొండదారుల్లో మహిళలకు మహిళలే తోడు
విశ్రాంతి యాత్రల వెనుక ఉపాధి బాట

న్యూఢిల్లీ: ఇంటి పని, ఉద్యోగం, పిల్లల చదువులు, పెద్దల మందుల వేళలు... వీటి నడుమ తమకంటూ ఒక పూటైనా మిగలని మహిళలు నాలుగు రోజులు సేదతీరాలనుకుంటే వెళ్లగల చోటు ఏది? పుట్టిల్లు, లేదంటే పుణ్యక్షేత్రం. తరతరాలుగా మన సమాజం స్త్రీకి అనుమతించిన సెలవులు దాదాపు ఈ రెండే. పుట్టింటిలోనూ పొయ్యి తప్పదు. క్షేత్రానికి వెళ్లినా వెంట వచ్చిన వారి బాగోగులు చూసే బాధ్యత ఆమెదే.

గడచిన మూడు దశాబ్దాలలో ఈ పరిస్థితిలో కొంత మార్పు వచ్చింది. మహిళలు ఒంటరిగానో, తోటి మహిళలతోనో కొండల్లో నడిచేందుకు, మౌన శిబిరాలలో కూర్చునేందుకు, ఆయుర్వేద చికిత్స పొందేందుకు ప్రయాణమవుతున్నారు. హడావుడిగా పది ప్రదేశాలు చూసి రావడం కాక, ఒకే చోట నిదానంగా గడిపి మనసును, శరీరాన్ని కుదుటపరచుకోవడం ఈ యాత్రల ఉద్దేశం. ఇవి విస్తరించడానికి సంపన్నుల విహారేచ్ఛ ఒక్కటే కారణం కాదు. నేపాల్‌లోను, లద్దాఖ్‌లోను కొందరు మహిళలు గైడ్ల వృత్తిలో అడుగుపెట్టి, తోటి స్త్రీలకు నిర్భయంగా నడిచే వీలు కల్పించడం ఇందుకు ముఖ్య కారణాలలో ఒకటి.

విశ్రాంతికీ లెక్క ఉంది

మహిళలకు విశ్రాంతి ఎందుకు కరవైందో ప్రభుత్వ గణాంకాలే చెబుతున్నాయి. కేంద్ర గణాంక మంత్రిత్వశాఖ 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, వేతనం లేని ఇంటి పనులలో పాల్గొన్న మహిళలు రోజుకు సగటున 289 నిమిషాలు వాటికి వెచ్చించగా, పురుషులు 88 నిమిషాలు మాత్రమే వెచ్చించారు. అంటే దాదాపు అయిదు గంటలకు గంటన్నర సాటి. 2019 నాటి సర్వేలో ఈ అంకెలు 299, 97 నిమిషాలుగా ఉన్నాయి. అయిదేళ్లలో స్త్రీల భారం పది నిమిషాలు తగ్గితే, పురుషుల వాటా కూడా దాదాపు అంతే తగ్గడం గమనార్హం.

ఇల్లు దాటి వెళ్లే స్వేచ్ఛ విషయంలోనూ పరిస్థితి ఇంతకంటె మెరుగ్గా లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం బజారుకు, ఆసుపత్రికి, ఊరి వెలుపలి ప్రదేశాలకు- ఈ మూడింటికీ ఒంటరిగా వెళ్లగలిగే మహిళలు దేశంలో సుమారు 42 శాతమే. అంతకుముందు, 2015-16 సర్వేలో వీరు 41 శాతం. సంత వరకు ఒంటరిగా వెళ్లేందుకే అనుమతి అవసరమైన చోట, హిమాలయాలకు వెళ్లడమన్నది చిన్న విషయం కాదు.

పోఖరాలో నాంది

నేపాల్‌లోని పోఖరా పట్టణంలో ఫేవా సరస్సు సమీపాన 1990ల తొలినాళ్లలో ముగ్గురు అక్కచెల్లెళ్లు ఒక చిన్న అతిథి గృహం ప్రారంభించారు. వారు లక్కీ, డిక్కీ, నిక్కీ ఛెత్రీలు. అన్నపూర్ణ పర్వత ప్రాంతానికి వెళ్లే విదేశీ యాత్రికులకు పోఖరా ముఖద్వారం. కొండల నుంచి తిరిగివచ్చిన మహిళలు కొందరు, తమ వెంట వచ్చిన మగ గైడ్లు అసభ్యంగా ప్రవర్తించారని ఆ అక్కచెల్లెళ్లతో మొరపెట్టుకున్నారు. అప్పటికి నేపాల్‌లో గైడ్ల వృత్తి దాదాపు పూర్తిగా పురుషుల చేతుల్లో ఉండేది. ఫిర్యాదులు విని ఊరుకోక, ఆ ముగ్గురూ తామే గైడ్లుగా బయలుదేరారు. 1994లో ‘త్రీ సిస్టర్స్ అడ్వెంచర్ ట్రెక్కింగ్’ సంస్థ ఆ విధంగా ఆవిర్భవించింది.

ముగ్గురితో పని సాగదని త్వరలోనే తేలిపోయింది. పల్లెల నుంచి యువతులను రప్పించి శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టారు. ఈ కృషి కోసం 1999లో ఒక స్వచ్ఛంద సంస్థను కూడా నెలకొల్పారు. ఇంగ్లీషు సంభాషణ, ప్రథమ చికిత్స, ఎత్తయిన ప్రదేశాలలో వచ్చే అస్వస్థతను గుర్తించడం, స్థానిక చరిత్ర, చెట్టూ చేమల పరిచయం ఈ శిక్షణలో భాగాలు. తరువాత కొన్ని నెలలు అనుభవజ్ఞులైన గైడ్ల వెంట నడుస్తూ పని నేర్చుకోవాలి. శిక్షణ పొందేవారిలో చాలామంది నేపాల్ మారుమూల జిల్లాల పేద కుటుంబాలవారు.

నేపాల్ కొండల్లో స్త్రీ బరువు మోయడం కొత్త కాదు. నీరు, వంటచెరకు, పశుగ్రాసం వీపున మోస్తూ ఆమె రోజూ ఎక్కి దిగే దారులే అవి. అదే నడకకు కూలి, దానితోపాటు గౌరవం లభించడం మాత్రం కొత్త.

అన్నపూర్ణ దిగువ కొండల్లో ఘాంద్రుక్, ఘోరేపానీ గ్రామాల మీదుగా పూన్‌హిల్ వరకు సాగే దారి ఇటువంటి యాత్రలకు ప్రసిద్ధి. 3,210 మీటర్ల ఎత్తున ఉన్న ఆ శిఖరం చేరి తిరిగి రావడానికి నాలుగైదు రోజులు చాలు. దారి పొడవునా గ్రామాలు, యాత్రికుల విడిది గృహాలు ఉంటాయి. ఆకాశం నిర్మలంగా ఉండే అక్టోబరు, నవంబరు మాసాలు, అడవిలో ఎర్రని లాలీగురాస్ పూలు విరబూసే మార్చి, ఏప్రిల్ మాసాలు అనువైన కాలం.

లద్దాఖ్‌లో ఇంటి వంట, ఇంటి పడక

సరిహద్దు ప్రాంతమైన లద్దాఖ్‌లోకి పర్యాటకులను 1974 నుంచి అనుమతిస్తున్నారు. ఆ తర్వాత మూడు దశాబ్దాలకు పైగా అక్కడ కూడా గైడ్లంటే మగవారే. తక్‌మాచిక్ గ్రామంలో పుట్టిన థిన్లస్ ఛోరోల్ ఈ పరిస్థితిని ఎదిరించారు. గైడ్‌గా పనిచేసిన అనుభవంతో ఆమె 2009లో ‘లద్దాఖీ విమెన్స్ ట్రావెల్ కంపెనీ’ని స్థాపించారు. లద్దాఖ్‌లో మహిళల యాజమాన్యంలో, మహిళలే నడిపిన తొలి పర్యాటక సంస్థ ఇదే. గైడ్లందరూ స్థానిక యువతులే. సంస్థ యాత్రికులకు గుడారాలు, హోటళ్లకు బదులు గ్రామీణుల ఇళ్లలో బస ఏర్పాటు చేస్తుంది.

ఇళ్లలో బస ఇచ్చే ఈ పద్ధతి లద్దాఖ్‌లో 2000ల తొలినాళ్లలో వ్యాపించింది. మంచు చిరుతలు గొర్రెలను, మేకలను చంపడంతో నష్టపోతున్న రుంబక్ వంటి గ్రామాలవారికి ప్రత్యామ్నాయ ఆదాయం చూపితే చిరుతలపై పగ తగ్గుతుందని వన్యప్రాణి సంరక్షకులు ఆలోచించారు. ఊరిలోని ఇళ్లకు వంతులవారీగా అతిథులను పంపుతారు. వంట, పడక, పరిశుభ్రత చూసేది ఇల్లాలే కనుక వచ్చిన సొమ్ములో అధిక భాగం ఆమె చేతికే అందుతుంది. చిరుత మీద బతుకు ఆధారపడినప్పుడు దాని ప్రాణానికీ విలువ పెరుగుతుందన్నది ఈ పథకం అనుభవం.

అతిథులు కూర్చునేది సాధారణంగా వంటింట్లోనే. లద్దాఖీ ఇంట్లో పెద్ద గది అదే. పొయ్యి చుట్టూ పరచిన తివాచీల మీద కూర్చుని గోధుమపిండి ముద్దలు, కూరగాయలు కలిపి ఉడికించిన ‘స్క్యూ’ను తింటారు. ఉప్పు, వెన్న వేసి చిలికిన తేనీరు సేవిస్తారు. లికిర్ నుంచి తెమిస్‌గామ్ వరకు సాగే షామ్ లోయ దారి కొత్తవారికి అనువైనది.

లేహ్ పట్టణం సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. విమానంలో నేరుగా అక్కడ దిగినవారు మొదటి రెండు రోజులు ఏ శ్రమా చేయరాదని వైద్యుల సలహా. వేడి పానీయాలు తాగుతూ ఊరికే కూర్చోవాలి. ఇంటి వద్ద ఎవరూ ఇవ్వని ఈ విశ్రాంతిని ఇక్కడ ఆరోగ్య నియమంగా పాటించవలసి రావడం విశేషం.

మాటలకు విరామం

కొండలెక్కే ఓపిక లేనివారికి మరో మార్గం మౌన శిబిరాలు. బర్మాలోని మాండలేలో 1924లో జన్మించిన సత్యనారాయణ గోయెంకా 1969లో భారత్‌కు వచ్చి విపశ్యన ధ్యానం బోధించడం ప్రారంభించారు. మహారాష్ట్రలోని ఇగత్‌పురి ఈ కేంద్రాలలో పెద్దది. హైదరాబాద్ సమీపంలో నాగార్జునసాగర్ రహదారిపై ఉన్న ధమ్మ ఖేత్త దేశంలోని తొలి కేంద్రాలలో ఒకటి. శిబిరం పది రోజులు సాగుతుంది. వేకువన నాలుగు గంటలకు లేవాలి. మాట్లాడటం, చదవడం, రాయడం, ఫోను వాడటం నిషిద్ధం. స్త్రీలకు, పురుషులకు వసతి వేరుగా ఉంటుంది. రుసుము లేదు. శిబిరం పూర్తిచేసినవారు ఇచ్చే విరాళాలతోనే ఇవి నడుస్తాయి.

పది రోజులపాటు ఎవరో వండిన అన్నం వేళకు తినడం, ఎవరికీ జవాబు చెప్పనవసరం లేకపోవడం గృహిణులకు కలిగే అరుదైన అవకాశం. అయితే ఇది విహారయాత్ర కాదు. రోజుకు సుమారు పది గంటలు ధ్యానంలో కూర్చోవలసిన కఠిన నియమం. తీవ్రమైన మానసిక రుగ్మతలు ఉన్నవారికి ఇది తగదని నిర్వాహకులే స్పష్టం చేస్తారు.

కేరళలో వానాకాలపు కర్కాటక మాసం, అంటే జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య వరకు, ఆయుర్వేద చికిత్సకు శ్రేష్ఠమని అక్కడివారి నమ్మకం. ఆ రాష్ట్ర పర్యాటక శాఖ ఆయుర్వేద కేంద్రాలకు గుర్తింపు ఇస్తున్నది. స్త్రీలకు స్త్రీలే మర్దన చేయాలన్నది ఇందుకు విధించిన షరతులలో ఒకటి. వెళ్లేముందు ఈ గుర్తింపు ఉన్నదీ లేనిదీ విచారించుకోవడం మంచిది.

ఎవరికి అందుబాటు?

ఈ యాత్రలలో అధిక భాగం సొంత సంపాదన ఉన్న పట్టణ స్త్రీలకు, విదేశీయులకే అందుబాటులో ఉన్నాయన్నది కాదనలేని నిజం. లద్దాఖ్‌కు రానుపోను విమాన ఛార్జీలే ఒక సామాన్య కుటుంబపు నెల ఖర్చును మించిపోవచ్చు. కాగా, మరోవైపు వేరొక మార్పు మొదలైంది. ఢిల్లీలో 2019 అక్టోబరులో, తమిళనాడులో 2021 మేలో, కర్ణాటకలో 2023 జూన్‌లో, తెలంగాణలో 2023 డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులో మహిళలకు నిర్ణీత బస్సులలో ఉచిత ప్రయాణం కల్పించారు. పథకం మొదలైన వారాలలోనే కర్ణాటకలోని ధర్మస్థల వంటి క్షేత్రాలకు మహిళలు పెద్ద సంఖ్యలో తరలివెళ్లారు. దీనిపై విమర్శలు, పరిహాసాలు వచ్చాయి. అయితే, ఇంటి ఖర్చులో తమ టికెట్టుకు చోటు దొరకనందువల్లే ఎన్నో ఏళ్లుగా ఊరు దాటని స్త్రీలు వారిలో ఉన్నారన్న సంగతిని విమర్శకులు విస్మరించారు.

పర్యాటకంపై ఆధారపడిన మహిళల ఉపాధి కూడా నిలకడైనది కాదు. 2020లో కోవిడ్ కారణంగా కొండదారులు నిర్మానుష్యమయ్యాయి. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని ఉగ్రవాదులు కాల్చిచంపిన తరువాత లద్దాఖ్ యాత్రలు కూడా పెద్దసంఖ్యలో రద్దయ్యాయి. అదే ఏడాది సెప్టెంబరులో నేపాల్‌లో చెలరేగిన యువజనాందోళన శరత్కాల యాత్రలకు ఆటంకమైంది. ఏడాదిలో నాలుగైదు నెలలే పని దొరికే గైడ్లకు ఒక రుతువు చేజారితే ఆ ఏటి రాబడి పోయినట్లే.

బయలుదేరే ముందు

ఒంటరిగా వెళ్లే మహిళలు కొన్ని జాగ్రత్తలు పాటించడం అవసరం. గైడ్ ఎవరో, ఆమెకు గుర్తింపు పత్రం ఉన్నదో లేదో ముందే తెలుసుకోవాలి. రాత్రి బస గది గొళ్లెం, స్నానాలగది పరిస్థితి అడగడానికి మొగమాటపడరాదు. 2,500 మీటర్లు దాటిన తరువాత తలనొప్పి, వాంతులు, నిద్రలేమి వస్తే పైకి ఎక్కడం ఆపాలి. తగ్గకపోతే దిగిపోవడమే అసలు చికిత్స. పర్యాటకుల కోసం కేంద్రం 2016లో ప్రారంభించిన 1363 నంబరు ఇరవై నాలుగు గంటలూ పలు భాషలలో సమాచారం ఇస్తుంది. అత్యవసర సహాయానికి 112, మహిళల సహాయానికి 181 ఉన్నాయి. నేపాల్‌లో ఈ నంబర్లు పనిచేయవు కనుక అక్కడి పర్యాటక పోలీసుల నంబరు వెంట ఉంచుకోవాలి.

వీటన్నిటికంటె కష్టమైన ఏర్పాటు ఇంటి వద్ద చేయవలసినదే. ఆమె లేని నాలుగు రోజులూ వంట ఎవరు చేస్తారు, అత్తగారికి మందులు ఎవరు ఇస్తారు, పిల్లలను బడికి ఎవరు తయారు చేస్తారు? చాలా ఇళ్లలో యాత్ర ఆగిపోయేది ఈ ప్రశ్నల దగ్గరే. సర్వేలో 88 నిమిషాల వద్ద ఉన్న పురుషుల వాటా పెరిగితే తప్ప ఈ ప్రశ్నలకు సమాధానం దొరకదు.