మెథడు సూచనలకు సంక్షిప్త లేఖనము

"వచ్చితిని" అన్నచో "నేను" అను కర్తను వేరుగ చెప్పనక్కర లేదు. క్రియాప్రత్యయమే దానిని తెలుపును. తెలుగునకు సహజమైన ఈ లాఘవమునే కంప్యూటరునకు ఆజ్ఞలిచ్చు భాషలలోను కోరుచుందురు. అందు మేలును గలదు, చిక్కును గలదు.

జావా భాషలో ఒక పనిని నిర్వహించు ఆజ్ఞల కూర్పునకు మెథడు అని పేరు. వస్తుజాతిని నిర్వచించునది క్లాసు. ఒక పట్టికలోని ప్రతి పేరునకును నిడివి కనుగొనవలెననుకొందము. పూర్వము ఈ ఆజ్ఞను వేరొక మెథడునకు అందింపవలెనన్నచో ఒక చిన్న క్లాసునే రచింపవలసి వచ్చెడిది. 2014 మార్చిలో వెలువడిన ఎనిమిదవ జావా "పేరు -> పేరు.లెంగ్త్()" అని వ్రాయుటకు వీలు కల్పించెను. (గుణింతపు గుర్తులనుకూడ లెక్కించుటచే "రామ" యొక్క నిడివి ఇందు మూడగును!) ఇచ్చట "పేరు" అను మాట రెండుమార్లు ఊరక వచ్చుచున్నది. దానిని విడిచి "స్ట్రింగ్::లెంగ్త్" అనుటయే మెథడు సూచన. రెండు విసర్గలవలె కనుపించు ఈ గుర్తునకు మారుగా తొలి ప్రతిపాదనలలో "#" ఉండెను.

పొట్టి రూపము ఎల్లప్పుడును తక్కువ చెప్పుననుకొనరాదు. పేర్లను నిడివినిబట్టి పేర్చి, వెంటనే ఆ వరుసను తలక్రిందులు చేయుమని ఒకే వాక్యమున వ్రాసినచో, దీర్ఘరూపములోని "పేరు" ఏ జాతిదో కంపైలరు గ్రహింపలేక దోషమనును. "స్ట్రింగ్::లెంగ్త్" అన్నచో సాగిపోవును. జాతినామము అందే యున్నది గదా!

చిక్కు వేరొకచోట గలదు. "ఇంటీజర్::టుస్ట్రింగ్" అను సూచనను చూడుడు. ఆ పేరుతో, సంఖ్యను బయటినుండి గ్రహించు మెథడొకటి, సంఖ్యావస్తువునకే చెందిన మెథడొకటి కలవు. సంఖ్యను అక్షరరూపమునకు మార్చుచోట రెండును పొసగును, ఫలితమును ఒక్కటే. అయినను ఏది గ్రాహ్యమో తేలక కంపైలరు నిరాకరించును. మాహేశ్వరసూత్రములలో "ణ్" అను గుర్తు రెండుమార్లు వచ్చుటచే "అణ్" అనగా ఎంతవరకను సందేహము కలిగినది. వ్యాఖ్యాతలు దానిని తీర్చిరి. యంత్రమునకు వ్యాఖ్యాత లేడు. వ్రాయువాడు దీర్ఘరూపమునకు మరలవచ్చును.

క్లాసు పేరునుకూడ విడిచి "::లెంగ్త్" అని మాత్రమే వ్రాయనిమ్మని ప్రతిపాదింపవచ్చును. పట్టిక ఏ జాతిదో ముందే తెలిసినచోట అది చెల్లునుగాని, పైని పేర్పులో ఉన్న ఒక్క ఆధారమును పోవును. చదువరియు జాతిని వెదకుచు పై పంక్తులకు పోవలసి వచ్చును. స్కాలా భాషలో "_.లెంగ్త్" అని, విడిచినచోట గీటు నుంచుదురు. అచ్చటను సందర్భమునుబట్టి జాతి తెలియనిచో కంపైలరు అంగీకరింపదు.