ఓమ్ మహాశయుని మెలిత్రాసు

వోల్టులను ఆంపియర్లచే భాగించిన నిరోధమును, గుణించిన సామర్థ్యమును లభించునని ఉన్నత పాఠశాల విద్యార్థులెల్లరు వల్లించుచునే యున్నారు. అట్టి తరగతిలో ఒక బాలిక లేచి, "మాస్టారూ, ఓమ్ గారి కాలమున వోల్టుమీటరు గాని అమ్మీటరు గాని లేవు గదా, ఆయన దేనిని దేనిచే భాగించెనండీ?" అని యడిగినది. మిక్కిలి సమంజసమైన ప్రశ్న. 1826లో ఆ కొలసాధనములే కాదు, వోల్టు, ఆంపియరు అను ప్రమాణములును లేవు.

జర్మనీలోని కొలోన్ నగరపు పాఠశాలలో గణితమును, భౌతికశాస్త్రమును బోధించుచుండిన గెయోర్గ్ సైమన్ ఓమ్, ఎర్లాంగెన్ పట్టణమున తాళములు చేసి జీవించిన పనివాని కుమారుడు. 1825లో ఆయన వోల్టా ఘటములతో పరిశోధనలు సాగించెను గాని, తీగ తగిలించినతోడనే యెగసిన ప్రవాహము చూచుచుండగనే సన్నగిల్లుచుండెను. ఘటములోని రాగిపలకపై వాయుబుద్బుదములు పేరుకొనుటయే దీనికి ప్రధానకారణము. ఇట్టి చంచలమైన ఆధారముపై నిలిపిన ఆయన తొలి సూత్రము నిలువలేదు. అప్పుడు శాస్త్రపత్రికా సంపాదకుడైన పోగెన్‌డార్ఫ్, ఘటములను విడిచి, సీబెక్ 1821లో కనుగొన్న ఉష్ణవిద్యుత్తును వాడి చూడుమని సలహా యిచ్చెను. శాస్త్రచరిత్రలో ఇంతగా అదనెరిగి వచ్చిన సలహాలు అరుదు.

ఓమ్ ఒక బిస్మత్ కడ్డీ రెండు కొనలకును రాగిపట్టీలను బిగించి, ఒక కొనను మరుగు నీటిలోను, రెండవ కొనను మంచులోను ఉంచెను. నీరు మరుగుచున్నంతవరకును, మంచు కరగుచున్నంతవరకును ఆ రెండింటి ఉష్ణోగ్రతలు మారవు గనుక, వాని భేదమువలన పుట్టి విద్యుత్తును నడిపించు బలమును మారదు. రాగిపట్టీ మీదుగా, పలుచని బంగారు తీగకు వ్రేలాడదీసిన అయస్కాంతసూచి కలదు. పాదరసపు గిన్నెలలో పరీక్షింపదలచిన తీగ కొనలను ముంచగనే వలయము పూర్తియై సూచి ప్రక్కకు తొలగును. ఎంత తొలగెనో కొలుచుట ఎవరికైనను తోచు మార్గమే. ఓమ్ అట్లు చేయలేదు. సూచి స్థానము మారినకొలది దానిపై ప్రవాహపు పట్టును మారునని యెరిగినవాడగుటచే, బంగారు తీగను పైనుండి మెలిత్రిప్పి సూచిని మరల మొదటి స్థానమునకే రప్పించి, అందులకు వలసిన మెలి యెంతయో, ఒక చుట్టును నూరు భాగములు చేసి, లెక్కించెను. సూచి ఎప్పుడును ఒక్కచోటనే నిలుచును గనుక ఆ మెలియే ప్రవాహమునకు కొలత. కూలుంబ్ మెలిత్రాసునుండి గ్రహించిన ఈ ఉపాయమును తలచినప్పుడెల్ల నాకు పరమానందము కలుగును.

ఒకే మందముగల ఎనిమిది రాగి తీగలు: మొదటిది 2 అంగుళములు, చివరిది 130 అంగుళములు. 1826 జనవరి 8వ తేదీ కొలతలలో మొదటిదానికి 326¾ భాగముల మెలియు, చివరిదానికి 48½ భాగముల మెలియు వలసెను. తీగ అరువదియైదు రెట్లు పెరిగినను ప్రవాహము ఏడవవంతునకైనను దిగలేదు! ఇచ్చటనే ఆ మేధావి ప్రతిభ ప్రకాశించినది. విద్యుత్తు ఆ తీగలో మాత్రమే ప్రవహించుట లేదు. బిస్మత్ కడ్డీని, పట్టీలను, పాదరసమును గూడ దాటి రావలయును. ఆ పరికర భాగమంతయు 20¼ అంగుళముల తీగకు సమానమని యెంచి, ప్రతి తీగ పొడవునకును దానిని కలిపి చూడుడు: మొదటిది 22¼, చివరిది 150¼. వీనిని ఆయా మెలులచే గుణించిన, ఎనిమిది తీగలకును ఇంచుమించు 7285 అను ఒకే సంఖ్య వచ్చును. పిమ్మట మరుగు నీటిని తొలగించి ఉష్ణోగ్రతాభేదమును తగ్గింపగా, 7285 అను సంఖ్య తగ్గిపోయినది గాని 20¼ మాత్రము చలింపలేదు. అనగా మొదటి సంఖ్య విద్యుత్తును నడిపించు బలము. రెండవది పరికరపు సొంత నిరోధము. ఆ బాలిక ప్రశ్నకు సమాధానమిదియే: ఉష్ణోగ్రతాభేదము వలన పుట్టిన బలమును, అంగుళములలో కొలిచిన నిరోధముచే భాగింపగా, మెలి రూపమున ప్రవాహము లభించినది.

తరువాతి కథ క్లుప్తముగా చెప్పవచ్చును. 1827లో వెలువడిన ఆయన గ్రంథమును స్వదేశీయులలో పలువురు ఆదరింపలేదు. 1841లో లండను రాయల్ సొసైటీ కాప్లీ పతకమిచ్చి గౌరవించెను. అదే కాలమున సాల్‌ఫర్డ్‌లో బీరు తయారీశాల యజమాని కుమారుడైన జౌల్, తీగచుట్టను నీటిలో ముంచి, పుట్టు వేడిమి ప్రవాహవర్గమునకును నిరోధమునకును అనులోమముగా నుండునని తేల్చెను. ఈ రెండు సూత్రములను జతపరచిన, వోల్టులను ఆంపియర్లచే గుణించిన సామర్థ్యము దానంతట అదే వచ్చును.

ఈ లెక్కను చేతితో పట్టుకొని చూడదలచినవారు, 230 వోల్టులపై వెలుగు 60 వాట్ల పాత ఫిలమెంటు బల్బునొకదానిని తీసికొనుడు. 60ని 230చే భాగించిన సుమారు 0.26 ఆంపియర్లు; 230ని దానిచే భాగించిన సుమారు 880 ఓములు. కాని ఆరియున్న బల్బును ఊడదీసి మల్టీమీటరుతో కొలిచినచో నిరోధము అందులో పదవవంతు కంటెను తక్కువగా కనబడును. లెక్కయు తప్పు కాదు, మీటరును తప్పు కాదు: వెలుగుచున్న టంగ్‌స్టన్ తీగ రెండువేల డిగ్రీలకు పైబడిన వేడిమితో నుండును; లోహము వేడెక్కినకొలది నిరోధము పెరుగును. కావుననే స్విచ్చి వేసిన తొలి క్షణమున, తీగ చల్లగానున్నప్పుడు, మామూలుకంటె అనేక రెట్ల ప్రవాహము దానిలోనికి దూసికొనిపోవును; అరిగి సన్నబడిన పాత బల్బులు తరచుగా ఆ క్షణముననే మాడిపోవుట మనము చూచుచుందుము.