కంప్యూటర్ ప్రాసెసర్ వేగవృద్ధి: కొల్లేటి ప్రాంత వాతావరణంలో పాటించవలసిన జాగ్రత్తలు

ఉపోద్ఘాతం

2002లో రామ్‌సర్ జాబితాలో చేరిన కొల్లేరులో నీటి విస్తీర్ణమెంత, చేపల చెరువుల విస్తీర్ణమెంత అనే ప్రశ్నకు సమాధానం వెదికే పరిశోధకుడు ఉపగ్రహ చిత్రాలను ఆశ్రయించక తప్పదు. ఏళ్ల తరబడి తీసిన చిత్రాలను వర్గీకరించడానికి సాధారణ డెస్క్‌టాప్ కంప్యూటర్‌కు గంటలు, ఒక్కొక్కసారి రోజులు పడుతుంది. కొత్త యంత్రం కొనే వీలు లేనప్పుడు, ఏలూరులోనైనా తాడేపల్లిగూడెంలోనైనా, ఉన్నదానినే మరింత వేగంగా నడిపించాలనే ఆలోచన కలగడం సహజం. ప్రాసెసర్‌ను తయారీదారు నిర్ణయించిన వేగానికి మించి నడిపించడాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు. ప్రాసెసర్ కాలిపోతుందేమోనన్న భయమే దీని విషయంలో ఎక్కువగా వినిపిస్తుంది. పరిశోధకునికి అంతకన్న పెద్ద ప్రమాదం మరొకటుంది: యంత్రం ఆగకుండా, ఏ హెచ్చరికా లేకుండా, తప్పు ఫలితాన్ని ఇవ్వడం.

వేగం, వోల్టేజ్, వేడి

మూల వేగాన్ని గుణకంతో హెచ్చవేయగా వచ్చేదే గడియార వేగం. మూల వేగం నేటి యంత్రాలలో సాధారణంగా 100 మెగాహెర్ట్జ్. గుణకం 45 అయితే ప్రాసెసర్ 4.5 గిగాహెర్ట్జ్ వేగంతో నడుస్తుంది. ఇంటెల్ ప్రాసెసర్లలో పేరు చివర ‘కె’ అక్షరమున్న రకాలలోను, ఎ.ఎం.డి. రైజెన్ డెస్క్‌టాప్ రకాలలో అధికభాగంలోను ఈ గుణకాన్ని మార్చవచ్చు. అందుకు మదర్‌బోర్డు కూడ అనుకూలించాలి.

వేగం పెరిగిన కొద్దీ ట్రాన్సిస్టర్లు సకాలంలో స్థితి మారడానికి ఎక్కువ వోల్టేజ్ అవసరమవుతుంది. చిక్కు ఇక్కడే ఉంది. గణన వల్ల ఖర్చయ్యే విద్యుచ్ఛక్తి వేగానికి అనులోమంగాను, వోల్టేజ్ వర్గానికి అనులోమంగాను పెరుగుతుంది. వేగాన్ని 10 శాతం, వోల్టేజ్‌ను 8 శాతం పెంచితే శక్తివ్యయం 1.10 × 1.08 × 1.08, అనగా సుమారు 1.28 రెట్లవుతుంది. పొందే లాభం గరిష్ఠంగా 10 శాతం; భరించవలసిన వేడి 28 శాతం.

గాలితో చల్లబరిచే హీట్‌సింక్ ప్రాసెసర్‌ను గది ఉష్ణోగ్రతకన్న చల్లగా ఉంచలేదు. అది నిర్ణయించేది రెండింటి మధ్య తేడాను మాత్రమే. ఏ.సి. ఉన్న గదిలో 22 డిగ్రీల వద్ద, పూర్తి భారంతో నడిచే ప్రాసెసర్ 75 డిగ్రీలు చూపుతున్నదనుకుందాం. తేడా 53 డిగ్రీలు. పై విధంగా వేగం పెంచితే ఆ తేడా దాదాపు 68 అవుతుంది. ప్రాసెసర్ 90 డిగ్రీలకు చేరుతుంది. అదే యంత్రం మే నెలలో ఏ.సి. లేని 40 డిగ్రీల గదిలో ఉంటే లెక్క 108 అని చెబుతుంది. ఆచరణలో అంత దూరం పోదు. 100 డిగ్రీల సమీపంలో ప్రాసెసర్ తనంతట తానే వేగాన్ని తగ్గించుకుంటుంది. పెంచిన వేగం అక్కడితో వృథా.

తేమ సంగతి వేరు. 32 డిగ్రీల వేడి, 80 శాతం సాపేక్ష ఆర్ద్రత ఉన్న గాలికి మంచు బిందువు సుమారు 28 డిగ్రీలు. మంచు ముక్కలతోనో, పెల్టియర్ పలకతోనో ప్రాసెసర్‌ను అంతకన్న చల్లబరిస్తే దాని చుట్టూ నీటి బిందువులు ఏర్పడతాయి. సరస్సును ఆనుకొని ఉన్న ప్రాంతంలో ఇటువంటి ప్రయోగాలు పనికిరావు.

ప్రారంభకుడు అనుసరించదగిన క్రమం

ముందుగా యంత్రాన్ని దాని సహజ స్థితిలోనే పరీక్షించాలి. హీట్‌సింక్ దుమ్ము తొలగించి, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ మార్చి, బయోస్‌ను తాజా రూపానికి తేవాలి. ఈ చివరి జాగ్రత్తను చిన్నచూపు చూడరాదు. ఇంటెల్ 13, 14వ తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్నింటిలో అధిక వోల్టేజ్ వల్ల అస్థిరత ఏర్పడుతున్నదని 2024లో ఆ సంస్థయే అంగీకరించి, మైక్రోకోడ్ సవరణలు విడుదల చేసి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. వేగం పెంచకుండానే జరిగిన నష్టమది. వేగం పెంచడం వల్ల కలిగే నష్టానికి సాధారణంగా వారంటీ వర్తించదు.

తరువాత గుణకాన్ని ఒక్కొక్క అంకె చొప్పున పెంచాలి. వోల్టేజ్‌ను ‘ఆటో’కు వదిలేయకూడదు, కొన్ని మదర్‌బోర్డులు అవసరానికి మించి ఇస్తాయి. వోల్టేజ్ పెంచకుండా ఎంతవరకు పోగలిగితే అంతవరకే పోవడం ప్రారంభకునికి క్షేమమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. కంప్యూటర్ తిరిగి ప్రారంభం కాకపోతే భయపడనవసరం లేదు. విద్యుత్తు తీసివేసి, మదర్‌బోర్డు పుస్తకంలో సూచించిన విధంగా సి.మోస్ స్మృతిని చెరిపితే అమరికలు మొదటి స్థితికి వస్తాయి.

ప్రతి మెట్టులోను పరీక్ష జరగాలి. మెర్సెన్ ప్రధాన సంఖ్యల అన్వేషణ కోసం పుట్టిన ప్రైమ్95 ఇందుకు ప్రసిద్ధం. తాను చేసిన గణనను ముందే తెలిసిన ఫలితంతో పోల్చి చూపుతుంది. ఈ పరీక్షను జనవరి రాత్రి గాక, వీలైనంత వేడిగా ఉన్న మధ్యాహ్నవేళ, కొన్ని గంటలపాటు చేయాలి. చలికాలంలో నిలిచిన అమరిక ఎండాకాలంలో తప్పవచ్చు.

ఫలితాల విశ్వసనీయత

సహజ వేగంలో నడిచే యంత్రాలు కూడ అరుదుగా తప్పు లెక్కలు చేస్తాయి. కొన్ని వేల యంత్రాలకు కొన్ని చొప్పున అటువంటి లోపభూయిష్ఠ కోర్లు కనిపించాయని గూగుల్ ఇంజనీర్లు 2021లో ప్రకటించారు. వేగం పెంచినవాడు ఆ అవకాశాన్ని తానే పెంచుకుంటున్నాడు. చిత్రంలోని కొన్ని బిందువులు నీటి నుండి చెరువు వర్గంలోకి మారినా గ్రాఫ్ చూడడానికి సవ్యంగానే ఉంటుంది, పరిశీలకునికీ తెలియదు.

కాబట్టి ఒకే దత్తాంశాన్ని సహజ వేగంలో ఒకసారి, పెంచిన వేగంలో పలుమార్లు నడిపి ఫలితాలను పోల్చాలి. ఒక్క జాగ్రత్త: పలు కోర్లు కలిసి దశాంశ సంఖ్యలను కూడినప్పుడు, కూడిక వరుస మారి, నిర్దుష్టమైన యంత్రంలో కూడ చివరి అంకెలు మారవచ్చు. ఈ పోలికను ఒకే కోరుపై గాని, పూర్ణాంక గణనతో గాని చేయాలి. ఒకే కోరుపై చేసినప్పుడు ప్రతి కోరుకూ వేరుగా చేయాలి. సిద్ధాంతగ్రంథంలో చేరే తుది పట్టికలను మాత్రం గుణకాన్ని యథాస్థితికి తెచ్చిన తరువాతనే రూపొందించి, గడియార వేగం, వోల్టేజ్, మెమరీ అమరికలను పరిశోధనా పద్ధతి అధ్యాయంలో నమోదు చేయాలి.