నలభై దాటాక ఉద్యోగం
(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)

"ఈ వయసులో నాకు ఉద్యోగం ఎవరిస్తారండీ!" నలభై దాటిన ఇల్లాలి నోట తరచు వినిపించే మాట ఇది. పిల్లలు కాలేజీలకు ఎదిగారు, పగటిపూట కాస్త తీరిక చిక్కింది. ఈ ధరలకు ఒక్క జీతం చాలటం లేదు. కొందరిళ్ళలో భర్తకు ఆరోగ్యం బాగుండదు, కొందరికి ఆ అండే లేదు. అటువంటప్పుడు ఉద్యోగం సరదా కాదు, అవసరం. మరి తలుపులన్నీ నిజంగానే మూసుకుపోయాయా? కొన్ని మూసుకున్న మాట వాస్తవమే, అన్నీ కాదు. ఏవి మూసివున్నాయో, ఏవి తెరిచివున్నాయో ముందుగా తెలుసుకుంటే సగం శ్రమ తప్పుతుంది.

ముందు మూసివున్నవి చెప్పుకుందాం. సర్కారు కొలువులకు వయోపరిమితి ఉంటుంది. కేంద్రప్రభుత్వంలో గ్రూపు సి ఉద్యోగాలకు వితంతువులకూ, విడాకులు పొంది మళ్ళీ పెళ్ళి చేసుకోనివారికీ సడలింపు ఉంది. అయితే అది కూడా సాధారణంగా 35 ఏళ్ళ వరకే; షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 40. అంగన్‌వాడీ కార్యకర్తగా చేరాలన్నా 35 దాటకూడదు. రాష్ట్రప్రభుత్వ ఉద్యోగాలకు ఈ పరిమితిని అప్పుడప్పుడు మారుస్తూ ఉంటారు. అందుకని ప్రకటన చూడగానే మొదట వయసు గురించి రాసిన చోట చదవండి. దాటిందని తేలితే దరఖాస్తు రుసుము దండగ చేసుకోకండి.

ఇక తెరిచివున్నవి. ఉపాధ్యాయ అర్హత పరీక్ష, అదే మనం టెట్ అంటామే, దానికి గరిష్ఠ వయసు లేదు. ఎప్పుడో బి.ఇడి. చేసి ఊరుకున్నవారు ఆ పరీక్ష రాసి ప్రైవేటు పాఠశాలల్లో ప్రయత్నించవచ్చు. ఆడపిల్లల హాస్టళ్ళకు, శిశుసంరక్షణ కేంద్రాలకు నలుగురు పిల్లల్ని సముదాయించగల పెద్దమనిషి కావాలి. అక్కడ మీ వయసు లోపం కాదు, అదే అర్హత.

జీవితబీమా ఏజెంటు కావటానికి పదో తరగతి ప్యాసై, శిక్షణ పొంది, పరీక్ష నెగ్గితే చాలు. పోస్టాఫీసు రికరింగు డిపాజిట్లు కట్టించే మహిళా ఏజెన్సీ పథకం 1972 నుంచి ఉంది. దాని మీద కమిషను నూటికి 4 రూపాయలు. ఇరవై కుటుంబాల చేత నెలకు తలా వెయ్యి కట్టించారనుకోండి, వసూలు ఇరవై వేలు, మీకు 800. పెద్ద మొత్తం కాదు, నిజమే. కాని కుటుంబాలు పెరిగినకొద్దీ అదీ పెరుగుతుంది. మీ జిల్లాలో కొత్తవారికి ఇస్తున్నారేమో పోస్టాఫీసులో కనుక్కోండి.

చదువు మధ్యలో ఆగిపోయిందా? దుర్గాబాయి దేశ్‌ముఖ్ అధ్యక్షురాలిగా ఉన్న కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి, చదువు ఆగిన స్త్రీలకోసం 1958లోనే సంక్షిప్త విద్యాకోర్సులు మొదలుపెట్టింది. ఇప్పుడు జాతీయ సార్వత్రిక విద్యాలయంలో పదో తరగతికి కనీస వయసు 14, పై వయసుకు హద్దు లేదు. డిగ్రీ చదవాలనుకునేవారికోసం 1982లో హైదరాబాదులో, దేశంలోకెల్లా మొదటిదిగా, సార్వత్రిక విశ్వవిద్యాలయం వెలిసింది. నేడు దానికి అంబేద్కర్ పేరుంది.

చాలామందికి తెలియని సంగతి మరొకటి. ప్రావిడెంటు ఫండు ఉన్న సంస్థలో పనిచేస్తే, ఉద్యోగుల పింఛను పథకం కింద 58వ ఏట నెలనెలా పింఛను రావాలంటే పదేళ్ళ సర్వీసు ఉండాలి. అంటే 48 లోపల చేరినవారికి ఆ అవకాశం ఉంది. 50లో చేరితే పదేళ్ళు నిండవు. కట్టినదానికి తగిన సొమ్ము ఒక్కసారిగా ఇచ్చేస్తారు. కనుక "వచ్చే ఏడాది చూద్దాంలే" అని వాయిదా వేసేముందు ఈ లెక్క వేసుకోండి. ఉద్యోగంలో చేరేటప్పుడు "మీ దగ్గర పి.ఎఫ్. ఉందా, పింఛను పథకంలో చేరుస్తారా?" అని మొహమాటపడకుండా అడగండి.

ఒక హెచ్చరిక. ఇంట్లో కూర్చుని వేలు సంపాదించవచ్చు, ముందుగా డిపాజిట్టు కట్టండి అనే ప్రకటనల జోలికి పోకండి. పనికి డబ్బు ఇస్తారు గాని, పని ఇచ్చేందుకు మన దగ్గర పుచ్చుకోరు.

ఇంటర్వ్యూలో "ఇన్నేళ్ళూ ఏం చేశారు?" అని తప్పక అడుగుతారు. "ఏమీ లేదండీ, ఇంట్లోనే ఉన్నాను" అని తలవంచుకోకండి. నెలజీతంలో ఇల్లు నడపటం పద్దుల పని. మంచాన పడ్డ అత్తగారికి వేళకు మందులివ్వటం నర్సు పని. అపార్టుమెంటు సంఘం చందాలు వసూలు చేసి లెక్క అప్పగించి ఉంటే అది గుమాస్తా పని. చేసిన పనిని దాని పేరుతో చెప్పండి. ఆమాత్రం కంప్యూటరు మీద ఉత్తరం రాయటం, లెక్కలు వేయటం ఇంట్లో పిల్లల్ని అడిగి ఈలోగా నేర్చుకోండి.

చివరగా ఇంటివారితో ఒక మాట. అమ్మ ఉద్యోగానికి వెళ్ళొచ్చి, పొయ్యి కూడా తానే వెలిగించాలంటే ఆ ఉద్యోగం ఆరునెలలు నిలవదు. ఎవరు ఏ పని అందుకుంటారో చేరకముందే తేల్చుకోండి. మొదటి జీతం మీ పేరున ఉన్న బ్యాంకు ఖాతాలో పడేటట్టు చూసుకోండి. ఆ ఖాతా ఇంకా లేకపోతే, ముందు ఆ పని చేయండి.