మూడో వంతు లెక్క

నార్కట్‌పల్లిలో బస్సు మారి మహాత్మాగాంధీ యూనివర్సిటీకి పోయే మా కట్టంగూర్ ఎమ్మెస్సీ అమ్మాయిలు నన్ను అడిగేది ఒక్కటే: ‘‘మేడమ్, అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుల్ల మనకు మూడో వంతు ఉంటదంటరు, అదెట్ల లెక్కేస్తరు?’’

సర్కారు కొలువుల్లో ఆడవాళ్లకు మూడో వంతు కోటా 1996లోనే ఉమ్మడి రాష్ట్రంలో సర్వీసు రూల్స్‌లో 22ఏ నిబంధనగా వచ్చింది. అప్పట్లో రోస్టర్‌లో, అంటే ఏ పోస్టు ఏ వర్గానికో చెప్పే వరుస పట్టికలో, మహిళల పాయింట్లు వేరుగా పెట్టేవారు. 2007లో రాజేశ్ కుమార్ దారియా కేసులో సుప్రీంకోర్టు, ప్రతి వర్గం లోపలే మహిళల వాటా చూసే సమాంతర పద్ధతిని వివరించింది. తెలంగాణ 2024లో ఆ దారి పట్టింది.

ఈ పద్ధతిలో లెక్క ఇలా ఉంటుంది: బీసీ కోటాలో ఆరు పోస్టులున్నాయనుకుందాం. మెరిట్‌తోనే ఇద్దరు మహిళలు వస్తే కోటా నిండినట్టే. ఒక్కరే వస్తే జాబితా చివరి మగ అభ్యర్థిని తప్పించి, అదే వర్గంలో తర్వాతి ర్యాంకు మహిళను తీసుకుంటారు. పాత పద్ధతిలోనైతే రెండు పోస్టులు పక్కన పెట్టి, మిగతా నాలుగింటికీ మహిళలు పోటీపడేవారు. తేడా అక్కడే.

నా మటుకు నాకు అసలు చిక్కు సైన్స్ విభాగాల్లోనే కనిపిస్తుంది. ఫిజిక్స్‌లో ఒక వర్గానికి ఒకటే పోస్టు వస్తే మూడో వంతు ఎక్కడి నుంచి తెస్తాం? పైగా పెళ్లి, కాన్పు పీహెచ్‌డీ ఏళ్లలోనే వస్తాయి. అందుకే యూజీసీ పీహెచ్‌డీ గడువులో మహిళలకు రెండేళ్లు అదనంగా, 240 రోజుల వరకు ప్రసూతి సెలవు ఇచ్చింది. ఈ రెండూ వాడుకోండి. నోటిఫికేషన్ పడగానే మొత్తం ఖాళీల అంకె చూసి మురిసిపోకుండా, సబ్జెక్టులవారీ పట్టిక ముందు చూడండి.